ఆల్బుమిన్ ఒక్కటే చూస్తే ఎలా?
రక్తంలో ఆల్బుమిన్ (కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్) తక్కువుంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి ఎక్కువ కాలం బతకడం కష్టమని మీ వ్యాసంలో రాశారు. మొత్తమ్మీద నిజమే కానీ, ఆ ఒక్క అంకె చూసి ఇంట్లోవాళ్లు హడలిపోతారు. మా మేనమామ రిపోర్టులో 2.9 పక్కన కిందికి బాణం గుర్తు కనిపించగానే అత్తయ్య పూటపూటకీ గుడ్డు తెల్లసొన పెట్టడం మొదలుపెట్టింది. ఆయనకేమో ముద్ద దిగదు. తిండి తగ్గడం ఒక్కటే కారణం కాదు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉంటే కాలేయం ఆల్బుమిన్ తయారీ తగ్గించి ఆ వాపును చూపించే సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను పెంచుతుంది. అందుకే క్యాన్సర్ రోగి పరిస్థితి ఎలా ఉండబోతుందో అంచనా వేసే గ్లాస్గో స్కోరులో రెండూ కలిపి చూస్తారు: సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటిందా, ఆల్బుమిన్ డెసిలీటరుకు 3.5 గ్రాముల కంటే తగ్గిందా అని. మన దగ్గర ఇంకో చిక్కు, టీబీ ఉన్నా న్యుమోనియా వచ్చినా ఈ రెండూ ఇలాగే తారుమారవుతాయి. మామయ్యకి ఛాతీ ఇన్‌ఫెక్షన్ తగ్గాక సీఆర్‌పీ దిగింది, గడ్డ మాత్రం అంతే ఉంది. క్యాన్సర్ జాడ కోసం రక్తంలో చూసే సీఈఏ కూడా పొగతాగేవాళ్లలో క్యాన్సర్ లేకున్నా కాస్త ఎక్కువే ఉంటుంది. స్టేజీ ఎంత, క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందా, మనిషి లేచి తిరగగలుగుతున్నాడా అన్నవి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. మా డాక్టరు ముందు అడిగింది అవే.