ఫ్రిజ్ మీది సర్వర్

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ పేర్లుండవు, నంబర్లే. 304 గారు, 502 మేడమ్, మోటారు స్విచ్ ఎక్కడుందో తెలిసిన ఏకైక మనిషి 101 తాతగారు. నేను 102 అబ్బాయిని. నాకు నలభై రెండేళ్ళు.

పోయినేడాది సెక్రటరీ పదవి నా మెడకు తగులుకుంది. అప్పట్నుంచి పొద్దున్నే తలుపు కొట్టి మూడు ప్రశ్నలు. మంజీర నీళ్ళు ఎప్పుడొస్తాయి, ఈ నెల ట్యాంకర్లు ఎన్ని, మా వాటా ఎంత. వారం తిరక్కుండానే ఈ మూడింటికీ ఒక వెబ్ పేజీ పెట్టేద్దామనుకున్నాను. దానికో చిన్న కంప్యూటర్ కొందామంటే అసోసియేషన్ ఖాతాలో ఉన్నది 1,140 రూపాయలు. అందుకని అల్మరాలో పాత చార్జర్ల మధ్య నిద్రపోతున్న నోకియా ఎన్900ని లేపాను.

2009లో వచ్చిన ఫోనది. ఫోను అంటే దానికి చిన్నతనం, అమ్మినవాళ్ళే మొబైల్ కంప్యూటర్ అన్నారు. లోపల ఆపరేటింగ్ సిస్టమ్ మేమో అనే లినక్స్, డెబియన్ వంశం. 600 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, తెర కింద నుంచి సర్రున జారి బయటికొచ్చే మూడు వరసల కీబోర్డు. టెర్మినల్లో ఏ కమాండ్ కొట్టినా కాదనదు, కాకపోతే కాస్త ఆలోచించుకుని చేస్తుంది. పేరుకు 32 జీబీ ఉన్నా సిస్టమ్ కాపురం మాత్రం విడిగా ఉండే 256 ఎంబీ ఇరుకు గదిలో. చూసుకోకుండా ప్యాకేజీలు కుక్కితే ఆ గది నిండిపోయి ఫోను మళ్ళీ కళ్ళు తెరవదు. ఈ సంగతి నాకెలా తెలిసిందన్నది ఇప్పుడు అప్రస్తుతం.

దాని మీద లైట్‌టీపీడీ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్, అంటే అడిగినవాళ్ళకి పేజీ అందించేది, ఎక్కించాను. తెలిసినవాళ్ళు లైటీ అంటారు. సెల్లార్లో సీసీ కెమెరాల కోసం పెట్టించిన వైఫైకి కలిపి, చార్జర్ తగిలించి, వెనక కెమెరా దగ్గరుండే బుల్లి స్టాండు లాగి ఫ్రిజ్ మీద ఫొటో ఫ్రేములా నిలబెట్టాను. దసరాకి అమ్మ ఆయుధపూజలో దానిక్కూడా బొట్టు పెట్టింది. సరిగ్గా కెమెరా కంటికి.

"ఇదేంట్రా, ఫోను ఫ్రిజ్జెక్కింది?" అన్నారు నాన్న.

"ఫోను కాదు నాన్నా, సర్వర్."

"అంటే, హోటల్లో సర్వరా?"

నవ్వబోయి ఆగాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంతకంటే మంచి పోలిక నాకే తట్టలేదు. అపాచీ అని ఇంకో వెబ్ సర్వర్ ఉంది, దాన్ని పాత పద్ధతిలో నడిపితే బల్లకో సర్వర్. కస్టమరు ఇడ్లీయా పెసరట్టా అని తేల్చుకునేదాకా వాడక్కడే నిలబడి ఉండాలి. వందమందొస్తే వందమంది సర్వర్లు, అందరికీ జీతం, అంటే ర్యామ్. లైటీ అలా కాదు, ఒక్కడే హోటలంతా తిరుగుతుంటాడు. ఎవరు చెయ్యెత్తితే అటు పరిగెడతాడు, తేల్చుకోనివాళ్ళ దగ్గర ఒక్క క్షణం నిలబడడు. ఒక్క మెషీను ఒకేసారి పదివేల మందికి వడ్డించగలదా అన్న పందెం లాంటి ప్రశ్న మీద, 2003లో యాన్ క్నెష్కే అనే జర్మన్ ఆయన దీన్ని రాశాడు. మా అపార్ట్‌మెంట్‌లో 20 ఫ్లాట్లు. అందులో రెండు ఖాళీ.

అంతా శ్రద్ధగా విని, "మరి టిప్పు?" అన్నారు నాన్న.

ఆదివారం ఎనిమిదింటికి సెల్లార్లో జనరల్ బాడీ మీటింగు. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, సమోసాలు. పేజీ అడ్రసు కాగితం మీద ప్రింటు తీసి లిఫ్టు పక్కన అంటించాను. "అందరూ ఫోన్లు తియ్యండి, వైఫై కలపండి, ఆ అడ్రసు కొట్టండి" అని ఘనంగా ప్రకటించాను.

"చివర్లో ఈ 8080 ఏంటండీ? అది ఏ బ్లాకు?" అన్నారు 502 మేడమ్.

"పోర్టు నంబరండీ."

"తిరుగుతోంది" అన్నారు 304 గారు.

"కొంచెం తిరగనివ్వండి."

తిరిగింది. పద్దెనిమిది ఫోన్లలోనూ తిరిగింది. సమోసాలైపోయినా తిరుగుతూనే ఉంది. నేను మెట్లెక్కి ఇంట్లోకి పరిగెత్తాను. ఫ్రిజ్ మీద చార్జర్ వైరొక్కటే తల వేలాడేసుకుని ఉంది.

"అమ్మా! దీని మీద ఫోనేదే?"

"నాన్నగారు రైతుబజారుకి తీసుకెళ్ళార్రా. ఆయనది చార్జింగ్‌లో ఉందట."

ఇక్కడ నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఆయన టైపు హయ్యర్ పాసై గుమాస్తాగా రిటైరయ్యారు. టచ్ ఫోనంటే ఆయనకు పరమ అసహ్యం, వేలు ఒకచోట పెడితే అక్షరం ఇంకోచోట పడుతుందని. అలాంటి మనిషికి ఇంట్లోనే, నొక్కితే టిక్కుమనే మీటలున్న యంత్రం దొరికింది.

కిందికొచ్చి "సర్వర్ దిగిపోయిందండీ" అన్నాను. అబద్ధం కాదు, మెట్లు దిగి, గేటు దాటి, ఆటో కూడా ఎక్కి ఉంటుంది.

ఎనిమిదిన్నరకి 304 గారు కుర్చీలోంచి లేచారు. "వచ్చింది! వచ్చేసింది!" నేను ఫోన్ల వైపు చూడలేదు, గేటు వైపు చూశాను. రెండు సంచులతో నాన్న లోపలికొస్తున్నారు. చొక్కా జేబులో సర్వర్.

పేజీని 101 తాతగారు కళ్ళజోడు సవరించుకుని పైకి చదివారు. "ఈ నెల ఒక్కో ఫ్లాటు చెల్లించాల్సింది: వంకాయ అర కిలో 20 బెండ కిలో 40 టమాటా రెండు కిలోలు 50 గోంగూర మూడు కట్టలు 20 మొత్తం 130."

రాత్రి ఆ ఫైలు నేనే నోట్స్‌లో తెరిచి, కర్సర్ అక్కడే వదిలేసి పడుకున్నాను. నాన్న బజార్లో నిలబడి తెర మీద కనిపించిన చోటే, ఇంగ్లీషు అక్షరాల్లో, హయ్యర్ పాసైన స్పీడుతో లెక్క కొట్టి, ముచ్చటగా సేవ్ కూడా చేశారు. పాపం, వస్తువుకో లైను కొట్టారు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌కి లైన్లంటే లెక్కలేదు కాబట్టి అన్నీ కలిసి ఒకే దండకంలా వచ్చాయి. నేను రాసిన 450 రూపాయల వాటా దాని తోకలో ఎక్కడో పడి ఉంది, అంత దూరం ఎవరూ చదవలేదు.

"130 అయితే ఇప్పుడే ఇచ్చేస్తా" అని 304 గారు పర్సు తీశారు. మూడు నెలల బాకీలున్న మనిషి.

"నాకు వంకాయ పడదు బాబూ, బదులు బెండ ఇంకో అర కిలో ఇస్తాను" అన్నారు తాతగారు.

నేను నోరు తెరిచేలోపు 502 మేడమ్ "అయ్యో, మళ్ళీ తిరుగుతోంది" అన్నారు.

"లిఫ్టెక్కిందండీ."

నాన్నకు మోకాళ్ళ నొప్పులు, ఒక్క అంతస్తుకైనా లిఫ్టే. ఆ ఇనప డబ్బాలోకి వైఫై దూరదు. ఆయన మొదటి అంతస్తులో దిగగానే పద్దెనిమిది ఫోన్లలో మళ్ళీ వంకాయలు ప్రత్యక్షం.

ఆ సాయంత్రమే ఫైలుకి తాళం వేశాను, రూట్, అంటే సిస్టమ్ పెద్ద, తప్ప ఇంకెవరూ రాయకుండా. మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడు. 502 మేడమ్. నీళ్ళ సంగతి కాదు, "ఇవాళ టమాటా ఎంతో పెట్టలేదేం?" అని. తాళం తీసేశాను. బజార్లో లెక్క రాసేది నాన్న, ఇంటికొచ్చాక దాన్ని పేజీలో వరసలుగా పేర్చేది నేను.

ఇప్పుడు లిఫ్టు పక్కన నా అడ్రసు కాగితం కింద ఇంకో కాగితం ఉంది. నాన్న దస్తూరీ, గుండ్రటి అక్షరాలు: "సర్వర్ రైతుబజారుకు వెళ్ళినది. ఎనిమిదిన్నరకు వచ్చును. అంతవరకు నీళ్ళ వివరములకు 101 గారిని అడగవలెను."