అండమాన్ టికెట్ల కన్నా ముందు జాలీబాయ్ తేదీ

హన్మకొండలో ఉండే మా మిత్రుడి కుటుంబం మొన్న ఏప్రిల్‌లో అండమాన్ వెళ్లొచ్చింది. ఆదివారం సాయంత్రం పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. మంగళవారం పొద్దున్నే హావెలాక్ దీవికి పడవ. మధ్యలో మిగిలింది సోమవారం ఒక్కటే. పిల్లలు పగడాలు చూడాలని ఆశపడ్డ జాలీబాయ్ దీవికి సోమవారమే సెలవు. ప్యాకేజీ రాసిచ్చిన ట్రావెల్స్ వాళ్లు ఈ మాట ముందే చెప్పి ఉండాల్సింది.

మనం ముందు విమానం టికెట్లు, తర్వాత హోటల్, చివర్లో చూసే చోట్లు అనుకుంటాం. జాలీబాయ్ విషయంలో ఈ వరస తిరగెయ్యాలి. అది మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది. 1983లో ఏర్పడిన ఈ పార్కులో 15 దీవులు, దాదాపు 281 చదరపు కిలోమీటర్ల సముద్రం, నేల ఉన్నాయి. పర్యాటకులను వదిలేది జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకే, అదీ వంతులవారీగా. ఇంచుమించు నవంబర్ నుంచి మే సగం దాకా జాలీబాయ్, మిగతా కాలం రెడ్‌స్కిన్. ఒకటి తెరిచినప్పుడు రెండోదానికి విశ్రాంతి. పాతికేళ్లుగా పాకాల చెరువు కట్ట మీద ఆదివారాల జనాన్ని చూస్తున్న నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది.

అటవీ శాఖ పర్మిట్, గుర్తింపు కార్డు ఉంటేనే వండూర్ జెట్టీలో పడవ ఎక్కనిస్తారు. వండూర్ పోర్ట్ బ్లెయిర్‌కి దూరం, పడవలు పొద్దున్నే బయల్దేరతాయి, కాబట్టి ముందురోజు రాత్రికే అన్నీ సర్దుకోవాలి. ప్లాస్టిక్ సంచులు, ప్యాకెట్లు తీసుకెళ్లనివ్వరు. దీవిలో హోటల్ లేదు, బస లేదు. పులిహోర స్టీలు డబ్బాలో పెట్టుకుంటే సరిపోతుంది. భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్‌లో దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష.

ఇంత కట్టుదిట్టం దేనికంటే, పగడం మనకు పూస, అక్కడ ప్రాణి. మన ఆడవాళ్లు పుస్తెలతాడుకు గుచ్చుకునే ఎర్ర పగడం వేరే జాతిది. అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో దొరుకుతుంది. జాలీబాయ్ నీళ్లలో ఉన్నవి దిబ్బలు కట్టే పగడాలు. లక్షల చిన్న జీవులు సున్నపు గూళ్లు కట్టుకుంటూ పోతాయి. గుండ్రాళ్లలా పెరిగే రకాలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగితే ఎక్కువ. వాటి ఒంట్లో ఉండే సన్నటి నాచే వాటికి రంగు, తిండి కూడా. నీటి వేడి ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ నాచు వెళ్లిపోతుంది, పగడం తెల్లబడుతుంది. 2010లో అండమాన్‌లో పెద్ద ఎత్తున ఇలాగే జరిగింది. సముద్రం వేడిని ఒక కుటుంబం ఆపలేదు. కానీ స్నార్కెలింగ్ చేస్తూ, అంటే గొట్టంతో గాలి పీల్చుకుంటూ నీటి మీద తేలి కిందికి చూస్తూ, అలసిపోయి పగడం మీద కాలు ఆనించకుండా ఉండగలదు. ఈత రానివాళ్లు అడుగున అద్దం ఉండే గ్లాస్ బాటమ్ బోటులో కూర్చుని చూడటమే మేలు. ఎండకు ఒంటికి క్రీములు పూసుకుని నీళ్లలో దిగేకన్నా నిండు చేతుల బట్టలు వేసుకోవాలి. ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడం ముక్కను కూడా తెచ్చుకోకూడదు. వన్యప్రాణి రక్షణ చట్టంలో ఈ పగడాలు పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పిల్లలకు ఈ మాట ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లాలి.

మిత్రుడు జనవరిలో మళ్లీ వెళ్తున్నాడు. ఈసారి ముందు జాలీబాయ్‌కి బుధవారం అనుకుని, ఆ తర్వాతే వరంగల్ నుంచి చెన్నై రైలు చూసుకున్నాడు.