ఎక్స్ తోడు లేనిదే ప్రవేశం లేదు

స్కూలు కాలిక్యులస్‌లో ఫంక్షన్ మారే వేగాన్ని కనుక్కునే డిఫరెన్షియేషన్‌ను వెంటనే నిషేధించాలి. దానివల్ల పిల్లలు చెడిపోతున్నారు. సైన్ లోపల లాగ్, లాగ్ లోపల రూట్, ఎంత వంకర ఫంక్షన్ ఇచ్చినా చైన్ రూల్ పట్టుకుని బయటి నుంచి లోపలికి వెళ్తే జవాబు వచ్చి తీరుతుంది. కష్టపడితే ఫలితం దక్కుతుందన్న భ్రమ చిన్న వయసులో మంచిది కాదు.

ఆ భ్రమ పోగొట్టడానికే తర్వాతి పాఠంలో డిఫరెన్షియేషన్‌ను తిరగేసే ఇంటిగ్రేషన్ పెట్టారు. ఇందులో బై పార్ట్స్ అని ఒకటుంది. అప్పు తీర్చడానికి కొత్త అప్పు ఇప్పించినట్టు, ఒక ఇంటిగ్రల్ తీసుకుని ఇంకొకటి చేతిలో పెడుతుంది. ఈ పవర్ ఎక్స్ (eˣ)ను సైన్ ఎక్స్‌తో గుణించిన లెక్కలో రెండుసార్లు ఆ పని చేస్తే మొదటి ఇంటిగ్రలే తిరిగొస్తుంది. దాన్ని ఎడమ వైపుకు పంపి రెండుతో భాగిస్తే జవాబట!

ఇక అసలు రహస్యం. పేపర్ తయారుచేసేవారు చాలాసార్లు ముందు జవాబు అనుకుని, దాన్ని డిఫరెన్షియేట్ చేసి, వచ్చినదాన్ని ప్రశ్నగా ఇస్తారు. దాచినవాళ్లే వెతకమంటారన్నమాట. అందుకే ‘టాన్ ఎక్స్ బై 2 ఈక్వల్ టు టి అని పెట్టు’ అంటే పెట్టాలి. ఎందుకని అడిగేవాడికి సిలబస్ పూర్తి కాదు.

ఈ పద్ధతికి లొంగని ఫంక్షన్లను గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఈ పవర్ ఎక్స్ స్క్వేర్ (e^x²) ఒంటరిగా వస్తే ప్రవేశం లేదు. పక్కన ఒక ఎక్స్‌ను తోడు తెచ్చుకుంటే మాత్రం సబ్‌స్టిట్యూషన్ దారిలో సాదరంగా లోపలికి పిలుస్తారు. ఒంటరిగా వచ్చినవాడికి మనకు తెలిసిన మామూలు ఫంక్షన్లతో జవాబు రాయడం అసాధ్యం. ఇలాంటివాటిని నిరూపించే దారిని 1830ల్లోనే ఫ్రెంచి గణితవేత్త లియువీల్ చూపించాడు. పిల్లలకు మాత్రం చెప్పలేదు, దడుసుకుంటారని కాబోలు. ఆ ఒంటరి ఫంక్షన్‌కు మైనస్ గుర్తున్న తమ్ముడు స్టాటిస్టిక్స్‌లో గంట ఆకారపు గ్రాఫై దర్జాగా తిరుగుతున్నాడు. అక్కడ టేబుల్ చూసి విలువ రాసుకోమంటారు.

పేజీన్నర లెక్క సరిగ్గా చేసి చివర ‘ప్లస్ సి’ మరిచిన నేరస్థుడికి మార్కు కోయడాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. డిఫరెన్షియేట్ చేసినప్పుడు సున్నా అయిపోయిన స్థిరరాశికి అదొక్కటే గుర్తింపు. ఆ సంగతి తెలియకుండా రాసినవాడికీ మార్కు పడుతుంది, అది వేరే విషయం.

ట్యూషన్ల మీద పడి ఏడ్చేవారికి చరిత్ర తెలియదు. లోపిటాల్ అనే ప్రభువు 1694లో గణితవేత్త యోహాన్ బెర్నూలీకి, పాఠాలతో పాటు కొత్తగా కనిపెట్టినవి తనకు చెబితే ఏడాదికి 300 లీవ్రలు (అప్పటి ఫ్రెంచి డబ్బు) ఇస్తానని ఒప్పందం చేసుకున్నాడు. 1696లో కాలిక్యులస్ పుస్తకం అచ్చేశాడు. అందులోని ‘లోపిటాల్ రూల్’ కనిపెట్టింది గురువు, పేరు మిగిలింది ఫీజు కట్టినవాడికి.

ప్రతి పరీక్షలో జవాబు లేని ఇంటిగ్రల్ ఒకటి ఇచ్చి, ‘రాదు’ అని రాసినవాడికి పూర్తి మార్కులు వేయాలని కొందరు సూచిస్తున్నారు. ఇది చాలా ప్రమాదకరం. లెక్కకే జవాబు లేదా, పిల్లవాడికి రాలేదా అన్నది అప్పుడు పేపర్ దిద్దేవాళ్లు తేల్చాలి. వాళ్లకెందుకండీ ఆ టెన్షన్?