ఫ్రాన్సు ముందా, మన ఊరు ముందా?

(విజయనగరంలో ఒక కాన్వెంటు స్కూలు. సెయింట్ జోసెఫ్ ఆఫ్ అనెసీ అనే కన్యాస్త్రీల సభ చరిత్ర మీద ప్రదర్శన పెడుతున్నారు. అనెసీ ఇప్పటి ఫ్రాన్సులో ఒక ఊరు. మొదటి బోర్డు ఫ్రాన్సుదే కావాలని ఒక సిస్టర్, వద్దని రిటైరైన సోషల్ మాస్టారు. ఇద్దరూ కల్పితమే. రాసినవాడి మొగ్గు ఎటో దాగదు లెండి.)

మాస్టారు: 1650, లె ప్యూయీ పట్నం... ఇదేటి సిస్టర్ గారూ? మీవాళ్లు మన తీరానికొచ్చిన 1849 నుంచి పెట్టండి, చాలు.

సిస్టర్: అప్పుడు ఓడ దిగిన దొరసానులే కనిపిస్తారు మాస్టారూ. లె ప్యూయీలో ఈ సభను మొదలుపెట్టిన ఆరుగురు ఆడవాళ్లు కనబడరు.

మాస్టారు: ఆ ఆరుగురూ తెల్లవాళ్లేగా!

సిస్టర్: తెల్లవాళ్లే, కానీ గొప్పింటివాళ్లు కారు. 1651లో ఒప్పందం రాసుకున్నప్పుడు సంతకం పెట్టడం వచ్చింది ఒక్కరికే. లేసు అల్లి పొట్టపోసుకుంటూ అనాథలను, రోగులను చూసుకున్నారు. ఆ రోజుల్లో మఠంలో చేరితే గడప దాటకూడదు. అనెసీలో 1610లో ఫ్రాన్సిస్ ద సేల్స్ అనే బిషప్ పెట్టిన ఇంకో సభ సిస్టర్లు ఇళ్లకెళ్లి రోగులను చూసేవారు. కొన్నేళ్లకే వాళ్లనూ లోపలే ఉండమన్నారు. మెదాయ్ అనే యేసు సభ (జెసూట్) గురువు ఆ అడ్డుగోడే లేని సభను తలపెట్టాడు. ఈరోజు మా నర్సు సిస్టర్ మీ వీధిలోకి రాగలుగుతోందంటే, దాని మొదలు అక్కడుంది.

మాస్టారు: ఫ్రెంచి విప్లవంలో అదంతా చెదిరిపోయింది కదా?

సిస్టర్: చెదరగొట్టారు. జాన్ ఫోంబోన్ అనే మా సిస్టర్ జైలుపాలైంది. 1794లో విప్లవ నాయకుడు రోబెస్పియర్ అధికారం కూలబట్టి ప్రాణం దక్కింది. 1807లో మళ్లీ కూడగట్టింది. ఆ కొమ్మే 1833లో అనెసీలో వేరే సభ అయింది.

మాస్టారు: బాగుంది. మరి ఇక్కడికొచ్చింది కంపెనీ పాలనలో. ఆ మాట బోర్డు మీద లేదే?

సిస్టర్: రాస్తాం. 1846లోనే విశాఖ చేరిన అనెసీ గురువుల పని కోసం వచ్చారు, కంపెనీ కోసం కాదు. అయినా ఆ నీడ పడలేదని అనను.

మాస్టారు: ఇంకో మాట. లె ప్యూయీ వాళ్ల పేర్లు మూడొందల డెబ్భై ఏళ్లు దాటినా మీ నోట ఉన్నాయి. ఇక్కడ వంట చేసినామె, మీ వాళ్లకి తెలుగు నేర్పినామె... వాళ్ల పేర్లో?

(సిస్టర్ వెంటనే జవాబివ్వదు. ఇది ఆమెకు గట్టిగా తగిలిన దెబ్బే.)

సిస్టర్: పాత లెక్కల పుస్తకాల్లో జీతాల పద్దులు వెతకాలి.

మాస్టారు: అక్కడ ‘కూలి’ అని మాత్రమే ఉంటే?

సిస్టర్: అప్పుడు పేటలోని ముసలమ్మల్నే అడగాలి. ఆదివారం పూజ అయ్యాక రండి. వాళ్లు చెప్తారు, మీరు రాసుకోండి.

మాస్టారు: నేనా?

సిస్టర్: అడిగింది మీరే కదా మాస్టారూ! ఫ్రాన్సు బోర్డు మాత్రం ముందే ఉంటుంది.

మాస్టారు: అది ఆదివారం తేలుద్దాం.