బల్ల మీద ఉండగానే నిర్ణయమా?

నడిస్తే ఛాతీ పట్టేస్తోందని వెళ్లిన మనిషికి యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లో అడ్డంకులను తెర మీద చూపే పరీక్ష) చేస్తారు. ఆయన ఇంకా బల్ల మీదే ఉంటాడు. బయట నిలబడ్డ కొడుకును లోపలికి పిలిచి, తెర మీద సన్నబడిన రక్తనాళాన్ని చూపిస్తారు. ‘80 శాతం బ్లాక్ ఉంది, ఇప్పుడే స్టెంట్ వేసేద్దామా?’ అని అడుగుతారు. స్టెంట్ అంటే నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం. ఆ టెన్షన్‌లో వద్దనే ధైర్యం ఏ కొడుక్కి ఉంటుంది?

గుండెపోటు వచ్చినప్పటి సంగతి వేరు. అప్పుడు మూసుకుపోయిన నాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే అంత గుండె కండరం దక్కుతుంది. స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్ దూరమైతే ముందు గడ్డను కరిగించే ఇంజెక్షనైనా పడాలి. అక్కడ ఆలస్యం ప్రాణాంతకం. మేం అంటున్నది నడిస్తే నొప్పి వచ్చి, ఆగితే తగ్గిపోయే నిలకడైన జబ్బు గురించి. 2007లో 2,287 మందితో జరిగిన ‘కరేజ్’ అధ్యయనం, 2020లో ప్రచురితమైన ‘ఇస్కీమియా’ అధ్యయనం ఒకే మాట చెప్పాయి. రెండోదాంట్లో మన దేశం సహా 37 దేశాల నుంచి 5,179 మంది పాల్గొన్నారు. ఇలాంటివారికి ముందుగానే స్టెంట్ వేసినా, బైపాస్ చేసినా, మందులతో నెట్టుకొచ్చినవారికంటే మరణాలు తగ్గలేదు. నొప్పి తరచూ వచ్చేవారికి మాత్రం స్టెంట్‌తో ఉపశమనం ఎక్కువ. ఎడమ ప్రధాన ధమనిలో బ్లాక్ ఉన్నవారిని, గుండె పంపింగ్ బాగా పడిపోయినవారిని ‘ఇస్కీమియా’లో చేర్చలేదు. వారికి ఈ లెక్క వర్తించదు.

స్టెంట్ ఒక్క చోటును సరిచేస్తుంది. కొవ్వు మాత్రం నాళాలన్నింటిలోనూ పేరుకుంటుంది. పెద్దగా అడ్డుపడని చిన్న పూడిక పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టినా గుండెపోటు వస్తుంది. అందుకే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, బీపీ, షుగర్‌ల అదుపు, సిగరెట్ మానడం, రోజూ నడవడం... ఇవన్నీ కలిసి అసలు వైద్యం. స్టెంట్ పడ్డాక కూడా వీటిని వదలడానికి లేదు.

స్టెంట్ అందరికీ అక్కర్లేదన్న మాటను అడ్డం పెట్టుకుని ‘ఆపరేషన్ లేకుండా బ్లాకులు కరిగిస్తాం’ అనేవారిని నమ్మొద్దు. కాళ్లకు పట్టీలు బిగించి గాలితో నొక్కే ఈఈసీపీ, స్టెంట్‌కు వీల్లేని కొందరికి నొప్పి తగ్గిస్తుందేగానీ బ్లాకును తీసేయదు. ఒంట్లోని లోహాలను బయటికి లాగే మందును నరంలోకి ఎక్కించే కీలేషన్ సెలైన్లు 2024లో వెలువడిన పెద్ద పరీక్షలో గుండెపోట్లను తగ్గించలేకపోయాయి. గుండె జబ్బు నయం చేస్తామంటూ మందుల ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. దాన్ని అమలు చేయాల్సిన అధికారులు కదలాలి.

2017లో కేంద్రం మందుపూత స్టెంట్ ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది. మంచి పని. స్టెంట్ వేయడానికి తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పథకాలున్నాయి. మందుల మీదే బతుకుతున్న కూలీకి అదే భరోసా ఏది? ఆయనకు కావాల్సిన నాలుగు మాత్రలూ ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా ఆగకుండా ఇవ్వాలి. నిలకడైన జబ్బుకు స్టెంట్ అవసరమన్నప్పుడు ఎందుకో కాగితం మీద రాసి, యాంజియోగ్రామ్ సీడీతో సహా చేతికివ్వాలి. ఇంకో డాక్టర్‌కు చూపించుకునేందుకు కొన్ని రోజుల గడువివ్వాలి. ఈ నిబంధనను రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ పథకాల ఆస్పత్రుల నుంచే మొదలుపెట్టాలి.