గోలీ గోలు వదిలి వెళ్లొచ్చా?

ఎవరికి అప్పగించిన పని వాళ్లు చేయాలి. ఈ మాట నేను చాలాకాలంగా చెబుతున్నాను. మా ఇంట్లోవాళ్లతో సహా ఎవరూ వినడం లేదు. వాచ్‌మన్ గేటు దగ్గర ఉండాలి, వంటమనిషి పొయ్యి దగ్గర ఉండాలి, గోల్‌కీపర్ గోలు దగ్గర ఉండాలి. ఈ మూడో నియమాన్ని 1999 మే 8న ఇంగ్లండ్‌లో జిమ్మీ గ్లాస్ అనే ఫుట్‌బాల్ గోలీ (గోల్‌కీపర్‌ని అలాగే అంటారు) పట్టపగలు, వేలమంది చూస్తుండగా ఉల్లంఘించాడు. శిక్షించాల్సింది పోయి భుజాలకెత్తుకున్నారు. ఇన్నేళ్లయినా ఎవరూ విచారణ కమిటీ వేయలేదు కాబట్టి ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నాను.

ముందు నిందితుడి సర్వీసు రిజిస్టరు చూద్దాం. క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బులో మొదలుపెట్టాడు. అక్కడ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. తర్వాత బోర్న్‌మత్‌లో కుదురుకున్నాడు. 1998లో చిన్న డివిజన్ల క్లబ్బుల కప్పు ఒకదానికి వెంబ్లీ స్టేడియంలో ఫైనల్ ఆడే అదృష్టం పట్టింది. బోర్న్‌మత్ 1-0తో ముందుంది. అప్పుడు ఈయన చేతుల మీదుగానే బంతి సొంత గోలులోకి వెళ్లింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఎదుటి జట్టు గ్రిమ్స్‌బీ గోల్డెన్ గోల్, అంటే పడగానే ఆట ముగిసిపోయే గోల్, కొట్టి కప్పు ఎగరేసుకుపోయింది. బంతి ఎక్కడుంటే అక్కడ ఏదో ఒక వలలో పడేలా చూసే స్వభావం ఈయనకు ముందునుంచీ ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది. వెంబ్లీలో దిశ ఒక్కటే తేడా వచ్చింది.

అక్కడినుంచి స్విండన్‌కి వెళ్లాడు. అక్కడ మేనేజర్‌తో పడలేదు. సరిగ్గా ఆ సమయంలో ఉత్తరాన, స్కాట్లండ్ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న కార్లైల్ యునైటెడ్‌కి ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. గోలీ లేడు.

క్లబ్బుకి గోలీ లేకపోవడమేమిటని మీరడగొచ్చు. ఉన్న గోలీని అమ్మేశారు. బదులుగా అరువు తెచ్చుకున్న కుర్రాణ్ని అసలు క్లబ్బు వెనక్కి పిలిపించుకుంది. అప్పటికి ఆటగాళ్లను కొనే గడువు దాటిపోయింది. లీగ్‌వాళ్ల కాళ్లావేళ్లా పడి ప్రత్యేక అనుమతి తెచ్చుకుని మూడంటే మూడు మ్యాచ్‌లకి గ్లాస్‌ని అరువు తెచ్చారు.

ఇంత ముందుచూపు గల క్లబ్బుకి చైర్మన్ మైకేల్ నైటన్. ఈయన 1989లో మాంచెస్టర్ యునైటెడ్‌ని కొనేస్తున్నానని ప్రకటించి, జెర్సీ వేసుకుని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో దిగి, జనం ముందు బంతి ఎగరేసి చూపించినాయన. బంతి బాగానే ఎగరేశాడు, బేరం మాత్రం కుదరలేదు. 1992లో కార్లైల్‌ని చేపట్టి పదేళ్లలో టాప్ డివిజన్‌కి తీసుకెళ్తానన్నాడు. గ్రహాంతరవాసుల వాహనాన్ని చూశానని చెప్పినట్టు 1996లో స్థానిక పత్రికలో వచ్చింది. 1997లో మేనేజర్‌ని తీసేసి జట్టు బాధ్యత తానే చూసుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి క్లబ్బు లీగ్ అట్టడుగుకి చేరింది. చైర్మన్‌గారు చెప్పిన ప్రయాణం జరిగింది, కాకపోతే లిఫ్టు కిందికి నొక్కారు.

అప్పట్లో ఆ అడుగు డివిజన్‌ని మూడో డివిజన్ అనేవారు. నిజానికది నాలుగోది. కిందపడ్డవాణ్ని ఒక మెట్టు పైనున్నట్టు పలకరించడం ఇంగ్లిష్‌వాళ్ల మర్యాద కాబోలు. అక్కడ ఆఖరున నిలిచినవాళ్లు లీగ్‌లోంచే బయటికి. 1928 నుంచి లీగ్‌లో ఉన్న కార్లైల్ ఆఖరి రోజుకి ఆఖరి స్థానంలో ఉంది. దానికి ఒకే ఒక్క పాయింటు పైన స్కార్‌బరో.

మ్యాచ్ ప్లిమత్‌తో, సొంత మైదానం బ్రంటన్ పార్క్‌లో. స్కోరు 1-1. స్కార్‌బరో మ్యాచ్ కూడా 1-1తో ముగిసిపోయింది. వాళ్ల అభిమానులు మైదానంలోకి దిగి పండగ మొదలుపెట్టేశారు. ఇక్కడ ఇంజురీ టైమ్, అంటే ఆట ఆగినందుకు చివర్లో కలిపే సమయం, నాలుగో నిమిషం. కార్లైల్‌కి కార్నర్, అంటే ఎదుటివాళ్ల గోలు పక్క మూలనుంచి బంతి తన్నే అవకాశం. మేనేజర్ నైజెల్ పియర్సన్ చెయ్యి ఊపాడు. గోలీ పరిగెత్తాడు.

చూడండి, తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడ గడ్డి కోసమన్నట్టు, గోలు ఎందుకు వదిలావంటే గోల్ కోసమట. కార్నర్ వచ్చింది, కార్లైల్ ఆటగాడు డోబీ తలతో కొట్టాడు, ప్లిమత్ గోలీ తన డ్యూటీలో తానుండి ఆపాడు. ఈ కథలో నియమాలు పాటించింది ఆయనొక్కడే. ఇవాళ ఆయన పేరు ఎంతమందికి తెలుసు? ఆపిన బంతి జారి గ్లాస్ కాళ్ల ముందు పడింది. కుడికాలితో తన్నాడు. గోల్. కార్లైల్ నిలిచింది, స్కార్‌బరో మునిగింది. జనం మైదానంలోకి దూకారు. అంత గందరగోళంలో కార్లైల్ గోలుకి కాపలా ఎవరున్నారని ఒక్కరైనా అడిగారా?

ఇక నష్టాల లెక్క. పరీక్ష ముందురోజు రాత్రి పుస్తకం తెరిచే పిల్లలకు, గడువు రోజు సాయంత్రం బిల్లు కట్టే పెద్దలకు ఈ గోల్ ఎంత ధైర్యమిచ్చిందో ఎవరూ అంచనా వేయలేదు. స్కార్‌బరో సంగతి మరీ ఘోరం. 1987లో కింది పోటీ గెలిచి లీగ్‌లోకి నేరుగా ప్రమోషన్ పొందిన మొట్టమొదటి క్లబ్ అది. పడిపోయాక మళ్లీ లేవలేదు, అప్పులతో 2007లో మూతపడింది. అప్పులు గ్లాస్ చేయలేదు, నిజమే. అప్పు చేసినవాళ్ల మీద చర్య తీసుకోవడం మన కమిటీ పరిధిలోకి రాదు. పోనీ కార్లైల్‌కైనా ఒరిగిందేమిటి? 2004లో అదీ లీగ్‌లోంచి పడింది. ఆ తన్నుతో దొరికింది ఐదేళ్ల వాయిదా. మరుసటి ఏడాదే తిరిగొచ్చింది, అది వేరే సంగతి.

క్లబ్ యాజమాన్యం మాత్రం హుందాగా ప్రవర్తించిందని ఒప్పుకోవాలి. ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, ఓడ దాటాక బోడిమల్లయ్య అని మనం ఊరికే అంటాం గానీ, ఒక సంస్థ నడవాలంటే అంతే. తర్వాతి సీజన్‌కి గ్లాస్ కార్లైల్‌లో లేడు. చెయ్యి ఊపిన పియర్సనూ లేడు. గోలీని అమ్ముకున్న చైర్మన్ ఉన్నాడు. ఎవరి స్థానంలో వాళ్లుండటమంటే ఇదీ.

గ్లాస్ ఆ తర్వాత నాలుగైదు క్లబ్బులు తిరిగి, చాలామంది గోలీలు అప్పుడప్పుడే గాడిన పడే వయసులో, ముప్ఫై దాటకుండానే ఫుట్‌బాల్ వదిలేశాడు. కంప్యూటర్ల అమ్మకం పనిలో కొన్నాళ్లున్నాడు. తర్వాత డోర్సెట్‌లో టాక్సీ నడిపాడు. ఎక్కినవాళ్లు ఆ గోల్ కథ అడిగి చెప్పించుకుని, దిగేటప్పుడు మీటరు చూసే డబ్బులిచ్చి ఉంటారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అన్నేళ్లు టాక్సీ నడిపినా, కార్నర్ కనిపించగానే స్టీరింగ్ వదిలేసి ముందుకు పరిగెత్తాడని ఈయన మీద ఒక్క ఫిర్యాదు కూడా మా కమిటీకి రాలేదు.