డ్రాప్-ఇన్ పార్టు గారికి కూకట్‌పల్లి నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ డ్రాప్-ఇన్ స్పేర్ పార్టు గారికి, అంటే అరగదీయకుండానే పడేస్తే కూర్చుంటానని చెప్పుకునే మీకు, నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా మొన్నటిదాకా డాలస్‌లో మా బావ గరాజ్ టేబుల్ మీద క్షేమంగా ఉన్నారని, అప్పటికి ఎందులోకీ దూరలేదు కాబట్టి ఒంటి మీద గీత కూడా పడలేదని తెలిసి సంతోషం.

పోయిన ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, అంటే అక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి, బావ వీడియో కాల్ చేశాడు. నేను ఉప్మా తింటున్నాను. ఆయన ముందు ఒక పాత టవల్, దాని మీద ఆయన 1911 పిస్టల్ ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది, పక్కన ప్యాకెట్లలో మీరు: కొత్త బారెల్ అంటే గుండు బయటికి వెళ్లే గొట్టం, దాని మూతికి తొడిగే బుషింగ్, స్ప్రింగ్, పక్క నుంచి గుచ్చే స్లైడ్ స్టాప్ అనే చిన్న మీట. (గుండ్లు, వాటిని నింపే మ్యాగజైన్లు ముందే అక్క తన బీరువాలో పెట్టి తాళం వేసేసింది. ఆ ఇంట్లో అసలైన సేఫ్టీ మా అక్కే.) "చూడు బామ్మర్దీ, పది నిమిషాల పని, పాతది తీసి కొత్తది పడేయడమే" అన్నాడు. పది నిమిషాల పని అన్నవాళ్ల వల్లే కదా మా ఇంట్లో గీజర్ రెండు నెలలు పనిచేయలేదు, అందుకే నేను ఉప్మా పక్కన పెట్టి కుర్చీ సర్దుకుని కూర్చున్నాను.

నలభై నిమిషాలు గడిచాయి. బుషింగ్ గారూ, మీరు బారెల్ మీదికి ఎక్కరు. బారెల్ గారూ, మీరు స్లైడ్‌లోకి, అంటే పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే పైభాగంలోకి, వెళ్లరు. మీ ప్యాకెట్ల మీద మాత్రం ఫిట్టింగ్ అక్కర్లేదు అని పెద్ద అక్షరాలు. బావ ఊపిరి బిగబట్టి స్ప్రింగ్‌ని నొక్కుతున్నాడు, దాని కొసన చిన్న టోపీ లాంటి ప్లగ్ ఒకటి ఉంటుంది, బొటనవేలు చెమటకి జారిందో లేదో టప్పుమని ఎగిరి సీలింగ్‌కి తగిలి ఎటో పోయింది. లోపలి నుంచి అక్క "ఏమండీ, ఏం పగిలింది?" అంటే "ఏం లేదు, ఏం లేదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు, అలా చెప్పినప్పుడే కదా ఆడవాళ్లకి అనుమానం వచ్చేది. ఆ ప్లగ్ రెండు రోజుల తర్వాత షూ ర్యాక్ వెనక దొరికింది.

స్లైడ్ స్టాప్ గారి సంగతి వేరే. పాత స్లైడ్ స్టాప్‌నే మళ్లీ పెట్టబోతుంటే కొంచెం వంకరగా జరిగింది, పిస్టల్ అడుగు భాగమైన ఫ్రేమ్ మీద నెలవంకలాగా సన్నటి గీత పడింది. దీనికి అమెరికాలో ముచ్చటైన పేరే ఉందట, తెలుగులో చెప్పాలంటే వెధవ గీత. కొత్త కారుకి మొదటి సొట్ట పడ్డ రోజు ముఖం ఎలా ఉంటుందో బావ ముఖం అలా అయిపోయింది.

నాకు కోపం ఎందుకంటే, మీ పూర్వీకులు ఇలా లేరు. 1785లో పారిస్‌లో ఒనొరే బ్లాంక్ అనే పనివాడు యాభై తుపాకీ లాక్‌లను, అంటే తుపాకీని పేల్చే యంత్రాలను, విప్పి, భాగాలను అరల్లో పేర్చి అప్పటి అమెరికా రాయబారి జెఫర్సన్ ముందు పెడితే, ఆయన చేతికి అందిన ముక్కలు తీసుకుని కొన్ని లాక్‌లు బిగించాడట, అన్నీ చక్కగా సరిపోయాయని అమెరికా విదేశాంగ వ్యవహారాలు చూసే జాన్ జేకి ఉత్తరం కూడా రాశాడు. ఈ 1911 పిస్టలే చూడండి, తుపాకుల డిజైనర్ బ్రౌనింగ్ డిజైన్ చేసింది, అమెరికా సైన్యం 1911 మార్చిలో తీసుకుంది, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దీన్ని టైప్‌రైటర్ల కంపెనీ చేసింది, రైల్వే సిగ్నళ్ల కంపెనీ చేసింది, చివరికి మా అమ్మమ్మ కుట్టు మిషన్ కంపెనీ సింగర్ కూడా ఓ అయిదు వందలు చేసింది. సైన్యం గేజులు పట్టుకుని కొలిచేది కాబట్టి ఒకరి ముక్క ఇంకొకరి దాంట్లో కూర్చునేది. ఇప్పుడు ఎవరి కొలత వాళ్లది. అంగుళంలో వెయ్యోవంతు తేడాలు నాలుగు కలిస్తే చాలు, మీరు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. పోనీ ఎందులోనైనా దూరేంత వదులుగా పుడతారా, అప్పుడు లోపల గలగలమంటారు, గురి పోతుంది. గట్టిగా పట్టాలంటే కాస్త ఎక్కువ లోహంతో పుట్టాలి, ఆకురాయి పట్టినవాడు అరగదీయాలి. ఈ రెండో మాట ప్యాకెట్ మీద రాయడానికి సిగ్గెందుకు?

మా దేశంలో అయితే మీకు ఈ వేషాలు కుదరవు లెండి. అమెరికాలో నంబరు కొట్టిన ఫ్రేమ్ ఒక్కటే చట్టం దృష్టిలో తుపాకీ, మీరు మాత్రం పుస్తకాల్లాగా కొరియర్‌లో ఇంటికి వచ్చేస్తారు. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం విడి భాగాలు కూడా ఆయుధాలే, రిపేర్ దుకాణం నడపాలన్నా విడిగా లైసెన్సు ఉండాలి. మా పెదనాన్నకి ఒక లైసెన్సు పిస్టల్ ఉంది, ఎలక్షన్ వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం తప్ప ఆయన దానితో చేసిన సాహసం ఏమీ లేదు, స్క్రూడ్రైవర్ అయితే దాని దరిదాపుల్లోకి కూడా రానివ్వడు.

చివరికి బావ ఆ ముక్కలన్నీ అక్క జంతికలు పంపే జిప్ కవర్‌లో వేసుకుని తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాడు. ఆయన కవర్ చూసి ఏమీ అనలేదట, గీత చూసి మాత్రం నవ్వాడట. పనికి అడిగిన డబ్బులు మీ అందరి ధర కంటే ఎక్కువ.

మా సికింద్రాబాద్ రాణిగంజ్ బజార్లో ఇలా ఉండదు. మోటర్‌కి బుష్ అడిగితే షాపాయన పాతదీ కొత్తదీ రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూసి, "జర అరగదియ్యాలె సార్, లేకుంటే కూసోదు" అని డబ్బులు తీసుకోకముందే చెప్తాడు. ఈ మాట బావతో అన్నాను. అనకుండా ఉండాల్సింది. వచ్చే నెల అమ్మ అక్కడికి వెళ్తోంది, ఆవకాయ పక్కన సన్న ఆకురాళ్ల సెట్ ఒకటి పెట్టి పంపమని మెసేజ్ పెట్టాడు, అంటే గన్‌స్మిత్‌కి ఇచ్చిన డబ్బుల బాధ తీరకముందే ఇంకో ప్యాకెట్ ఆర్డర్ చేశాడన్నమాట.

నిన్న వెళ్లి కొన్నాను. "గింత సన్నటివి దేనికి సార్, ఏం అరగదీస్తరు?" అని అడిగాడు షాపాయన. అటూ ఇటూ చూసి, "మిక్సీ జార్" అన్నాను.